తలకూ మూతకూ మధ్య రెండు వేళ్ళు

మా ఆయన పేరు హజరత్తయ్య. మొగుడి పేరు పెట్టి చెప్పకూడదని మా అత్త పెంచలమ్మ గొణుగుతుంది గాని, పేరు లేకుండా ఒక మనిషి కథ ఎలా చెప్పాలో మాత్రం ఆమె చెప్పదు. అసలు ఆ పేరు పెట్టిందే ఆమె. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టిన కొడుకు. మా నెల్లూరు వైపు రైతుల ఇళ్ళలో ఇలాంటి పేర్లు బోలెడు. దర్గాకు మొక్కినా, పెంచలకోన నరసింహస్వామికి మొక్కినా మొక్కు మొక్కే. కోరిక తీరాక చెల్లించాలి, తీరేదాకా మొక్కిన వస్తువును ముట్టకూడదు. మా ఇంట్లో దీనికి ఎదురు చెప్పిన మనిషి లేడు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

ఇక మనిషి సంగతి. కుర్చీలు, బస్సు సీట్లు, రైలు బెర్తులు కనిపెట్టిన వాళ్ళెవరికీ మా ఆయన్ని చూసే అదృష్టం కలిగినట్టు లేదు. ఆరడుగులు దాటి ఇంకా కొంత మిగిలిన మనిషి, మొలగొలుకుల అన్నం తిని పెరిగిన భుజాలు. సినిమాకు పోతే నేల టిక్కెట్టే కొనేవాడు. పిసినారితనం కాదు, కుర్చీల మధ్య మోకాళ్ళు పట్టవు. మా పెళ్ళిలో ఆయన కూర్చోగానే పీట విరిగింది. అపశకునమని చుట్టాలంతా ముక్కున వేలేసుకుంటే, ఆయన నేల మీదే చతికిలబడి "పీటది తప్పు గానీ పెళ్ళిది కాదు గదా, కానీండి" అన్నాడు. నేను ఆయన మేనమామ కూతుర్ని కాబట్టి ముందే తెలుసు, ఈ మనిషికి కోపం రాదు. ఆయనకు రావలసిన కోపం కూడా నాకే వస్తుంది.

బిట్రగుంట లోకో షెడ్డులో ఆయన ఫిట్టరు. ఇరవై నాలుగు గంటలూ ఇంజన్ల చప్పుడు, ఆవిరి చప్పుడు, సుత్తి చప్పుడు. రైల్వే కాలనీలో మా క్వార్టరు పట్టాలకు దగ్గర, ఇంట్లో కూడా మేం కేకలేసుకునే మాట్లాడుకుంటాం. కొత్తవాళ్ళు వస్తే మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటున్నారని బయటే నిలబడిపోయేవాళ్ళు. ఒక్కోసారి నిజంగానే పోట్లాడుకుంటూ ఉండేవాళ్ళం, అది వేరే సంగతి.

ఊరికి తూర్పున, సముద్రం వైపు, యుద్ధకాలంలో వేసి వదిలేసిన రన్‌వే ఒకటి ఉండేది. గొర్రెలు పడుకునే చోటు. అరవై ఒకటి వేసవిలో మద్రాసు నుంచి ఒక క్లబ్బు వాళ్ళు వచ్చి అక్కడ డేరాలు వేశారు. వాళ్ళవి గ్లైడర్లు, అంటే ఇంజను లేని విమానాలు. ఒక చివర లారీ ఇంజను పెట్టి, దానికి చుట్టిన ఇనుప తాడుతో లాగితే గాలిపటంలాగా పైకి లేస్తాయి. పైన తాడు వదిలేసి, వేడిగాలి ఎక్కడ లేస్తుందో వెతుక్కుంటూ గద్దల్లాగా తిరుగుతాయి. గాలి దొరికినంతసేపు పైన, దొరక్కపోతే కింద.

వాళ్ళ లారీ ఇంజను మొరాయిస్తే షెడ్డుకు కబురు పంపారు. మా ఆయన ఆదివారం పూట పోయి బాగుచేశాడు. ఏమిమ్మంటావని అడిగితే కూలీ వద్దు, ఒకసారి పైకి తీసుకుపొమ్మన్నాడట. సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని మాట్లాడడు. దెబ్బ తగిలిందేమోనని నేను హడలిపోయాను.

"ఏమైంది బావా?"

"పైన చప్పుడు లేదు ప్రమీలా" అన్నాడు మెల్లగా. అంత మెల్లగా ఆయన మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి. "తాడు వొదిలేసినాక ఏ చప్పుడూ లేదు. అట్టాంటి చోటు ఒకటి ఉంటాదని నాకు తెలీనే తెలీదు."

అంతే, పడిపోయాడు. ఆ క్లబ్బులో నేర్పించే పెద్దమనిషి జయరామయ్య గారు, విమానాల దళంలో చేసి వచ్చినాయన. పొట్టి మనిషి, కబుర్ల పుట్ట. ఇంజను బాగోగులు చూస్తున్నందుకు మా ఆయనకు ఉత్తినే నేర్పారు. మరుసటి వేసవికల్లా మా ఆయన ఒంటరిగా ఎగిరి దిగాడు. అంతటితో ఊరుకుంటే ఈ గొడవే లేదు. అయిదు గంటలు దిగకుండా పైనే ఉంటే వెండి బ్యాడ్జీకి అర్హత వస్తుందని జయరామయ్య గారు ఒకరోజు నోరు జారారు. బ్యాడ్జీ మీద ఈయనకు మోజు లేదు. అయిదు గంటలు చప్పుడు లేకుండా ఉండొచ్చన్న మాట మాత్రం ఒంటికి పట్టేసింది. అన్నం తింటున్నా అదే ధ్యాస, షెడ్డుకు పోతున్నా అదే ధ్యాస.

చిక్కల్లా ఎక్కి కూర్చోవడంలో వచ్చింది. అప్పటికి క్లబ్బుకు రెండు గ్లైడర్లు. పసుపుది ఇద్దరు కూర్చునేది, పాతది, విశాలంగా ఉండేది. మా ఆయన కాళ్ళు బార్లా చాపుకుని కూర్చునేవాడు. కాని అది బరువైన మొద్దు, ఎంత గాలి దొరికినా కాసేపటికే జారుకుంటూ కిందికి వచ్చేది. నీలిది ఒక్కరికే. బాగా నిలబడేది గాని, అందులో నిటారుగా కూర్చోవాలి, ముందున్న, ఎత్తూ వేగమూ చూపే గడియారాల పలక వచ్చి మోకాళ్ళ మీద పడుతుంది. కింద చెక్క సీటు. అరవై మూడు వేసవిలో దాంట్లో రెండుసార్లు ప్రయత్నించి, సగంలో దిగివచ్చాడు.

"గాలి బ్రహ్మాండంగా ఉండాది" అని చెప్పాడు, నేను మోకాళ్ళకు కాపడం పెడుతుంటే. "కాళ్ళే లేకుండా పోయినాయి. తొడ కింద రక్తం ఆగిపోయి, గ్లైడరును తిప్పే తొక్కుడు పలక మీద కాలుందో లేదో వొంగి చూసుకోవాల్సి వొచ్చింది. పసుపుది మన అరుగు మీద కూర్చున్నట్టు ఉంటాది, కానీ ఎగరదు. నీలిది ఎగురుతాది, కానీ కూర్చోనీదు."

ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి. పెళ్ళిపీట విరిగినా నవ్విన మనిషి, ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారి స్నానం చేసి దేవుడి పటం ముందు నిలబడ్డాను. "కోన సామీ, ఈయన్ని అయిదు గంటలు పైన కూర్చోబెట్టు, ఈయన తల నీలాలు నీకిస్తాం" అని మొక్కేశాను. మా అత్త పక్కనే ఉండి పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టింది. ఆనాటినుంచి ఆయన తలకు కత్తెర తగలలేదు.

మా ఆయన జుట్టు ఎలాంటిదో చెప్పాలి. ఉంగరాలు తిరిగిన జుట్టు, ఒత్తు. నెలకొకసారి కత్తిరించినా టోపీ నిలవదు. ఏడాది వదిలేసేసరికి కిందికి పెరక్కుండా పైకీ పక్కలకూ లేచింది. షెడ్డులో వెక్కిరింపులు. ఆదివారం నేను తలంటడానికి కూర్చుంటే ఆయనకూ నాకూ కలిపి సోలెడు నూనె. నా జడ మోకాళ్ళ దాకా ఉండేది లెండి. కాలనీలో ఆడవాళ్ళు దాన్ని చూసి కుళ్ళుకునేవాళ్ళు, నేనూ కుళ్ళుకోవాలనే పూలు పెట్టుకుని తిరిగేదాన్ని. లేని వినయం నేనెందుకు నటించాలి.

అరవై నాలుగు వేసవిలో క్లబ్బు వాళ్ళు రెండు కబుర్లు మోసుకొచ్చారు. ఒకటి, ఇదే ఇక్కడ ఆఖరి క్యాంపు. రన్‌వే భూమి వేరే వాళ్ళకు ఇచ్చేశారు, వచ్చే ఏడు నుంచి క్లబ్బు రేణిగుంట వైపు పోతుంది. రెండోది, తెల్ల గ్లైడరు. ఏదో చలిదేశం నుంచి ఓడలో వచ్చింది. సన్నగా, పొడుగ్గా, వేలు పెట్టి రాస్తే జారిపోయేంత నునుపు. గాలి కాస్త ఉన్నా చాలు, దిగమన్నా దిగదని జయరామయ్య గారు మురిసిపోయారు. అందులో కూర్చోవడం కూడా కాదు, పడక్కుర్చీలో వాలినట్టు వెల్లకిలా వాలాలి. కాళ్ళు ముందుకు చాపి, పైన అద్దంలాంటి మూత దించుకోవాలి.

మా ఆయన దాన్ని చూసి పొద్దుపోయాక ఇంటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"కాళ్ళు చాపుకోవొచ్చు ప్రమీలా. వీపుకు ఆనుకునేదానికి ఉండాది. మోకాళ్ళ మీద ఏమీ పడదు. అయిదు గంటలు కాదు, పది గంటలుంటా."

"మరింకేం?"

"మూత పడలా" అన్నాడు.

ఆ మూత సంగతి ఏమిటంటే, అది తలకు తగలకూడదు. పైన గాలి ఎగరేసినప్పుడు తల మూతకు కొట్టుకుంటే తలా పగులుతుంది, మూతా పగులుతుంది. తలకూ మూతకూ మధ్య జయరామయ్య గారి రెండు వేళ్ళు అడ్డంగా దూరాలి. దూరకపోతే ఎవరైనా సరే ఎక్కనివ్వరు. ఈయన కూర్చుంటే వేళ్ళ సంగతి దేవుడెరుగు, మూతే సగంలో ఆగిపోయింది.

సరే, ఇంట్లో కొలతల తతంగం మొదలైంది. తెల్లదాని లోపలి కొలతలు దారంతో తీసుకొచ్చి, పెరట్లో పాత పలకలతో అలాంటిదే ఒకటి తయారు చేశాడు. సీటు, వెనక ఆనుకునే పలక, ముందు తొక్కుడు పలకలు, మూత ఉండే ఎత్తులో వంచి కట్టిన వెదురుబద్ద. షెడ్డు నుంచి రాగానే అందులో దూరి వెల్లకిలా పడుకునేవాడు. కాఫీ అక్కడికే, అన్నం అక్కడికే. కోడి వచ్చి కడుపు మీద ఎక్కినా తోలడానికి చెయ్యి ఆడేది కాదు. ఇంటికొచ్చిన వాళ్ళు ఆయనకేదో జబ్బు చేసిందనుకుని నన్ను ఓదార్చబోతే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆయన సావాసగాడు బాజీ అని ఉన్నాడు. కావలిలో జట్కాబండ్లకు మెత్తలూ, గుర్రాలకు జీనులూ, పెళ్ళివారికి పరుపులూ కుట్టే మనిషి. కబురందగానే చంకలో మెత్త పెట్టుకుని దిగాడు. ఎర్ర పట్టుగుడ్డ, లోపల బూరుగు దూది, జానెడు మందం. పెళ్ళికొడుక్కి వేసే మెత్త.

"అయిదు గంటలు కూర్చుంటాడంటే మామూలుదిస్తానా వదినా" అన్నాడు గొప్పగా. మర్యాదకు మెత్తదనమే కొలత అని బాజీ నమ్మకం. మా ఆయన దాని మీద కూర్చుంటే తల వెదురుబద్ద దాటి పైకి వచ్చింది. పాపం బాజీ మొహం చిన్నబోయింది. ఆ మెత్త మాత్రం నేను తిరిగివ్వలేదు, ఇప్పటికీ దాని మీదే కూర్చుంటాను.

తరవాత ఇద్దరూ కలిసి ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చారు. అసలు మెత్తే లేకుండా ఒట్టి పలక మీద కూర్చుంటే నడుం కింద ఎముక నొప్పి. బాజీ తొడల కింద ఒక పలచటి కొబ్బరిపీచు పట్టీ, నడుం వంపులో ఒకటి పెట్టాడు, ఎముక కింద ఏమీ పెట్టలేదు. బరువంతా తొడలమీదికి, వీపు మీదికి పోయి నొప్పి తగ్గింది. జయరామయ్య గారిని అడిగి తెల్లదాంట్లో వెనక పలక తీసేయించారు, తొక్కుడు పలకలు చివరిదాకా ముందుకు జరిపించారు. ఇంకా కాస్త కిందికి జారి పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఇన్ని చేసి, రన్‌వే దగ్గర అందులో దూరి కూర్చుంటే మూత పడింది. నేనూ, అత్తా అక్కడే ఉన్నాం. జయరామయ్య గారు పక్కనున్న చిన్న కిటికీలోంచి చెయ్యి పెట్టి వేళ్ళు దూర్చబోయారు. దూరలేదు.

జుట్టు అడ్డం వచ్చింది. నెత్తికీ మూతకూ మధ్య ఉన్న సందంతా జుట్టే. నూనె దట్టించి తువ్వాలు బిగించి కట్టి చూశాం. నొక్కితే నొక్కుకుంది, వదిలితే మళ్ళీ లేచింది.

"అన్నా, ఇంక తియ్యాల్సింది జుట్టొకటే" అన్నాడు బాజీ.

"దాన్ని ముట్టుకుంటే మర్యాదగా ఉండదు" అన్నాను నేను.

జయరామయ్య గారికి అర్థం కాలేదు. "జుట్టే కదమ్మా, మళ్ళీ వస్తుంది. మంగలిని పిలిపిస్తే పది నిమిషాల పని."

"అది మొక్కిన జుట్టు నాయనా" అంది మా అత్త. "అయిదు గంటలు ఎగిరినాక కోనలో తియ్యాల. ఎగరకముందే తీస్తే మొక్కు చెడినట్టు. సామి ఊరుకుంటాడా?"

"ఎగరాలంటే తియ్యాలి కదమ్మా."

"తియ్యాలంటే ఎగరాల గదా."

జయరామయ్య గారు ఆమెవంకా నావంకా చూసి, టోపీ తీసి తన బట్టతల తడుముకున్నారు. మొక్కిందే ఈయన ఎగరడానికి, ఎగరకుండా పట్టి ఆపిందేమో ఆ మొక్కే. తప్పంతా నాదేనని కాలనీలో అందరూ అన్నారు. నేనెందుకు ఒప్పుకుంటాను? మొక్కినప్పుడు ఈ తెల్ల పీనుగ ఇంకా ఓడైనా ఎక్కలేదు.

మా ఆయన మెల్లగా మూత ఎత్తుకుని బయటికొచ్చాడు. "పోనీలే ప్రమీలా" అన్నాడు. "అమ్మ బాధపడతాది. పసుపుదాంట్లో తిరుగుతాలే." ఇంటికొచ్చి పెరట్లో ఉన్న పలకల పెట్టె మీద గోనె కప్పేశాడు. కేకలేసినా వినపడనట్టు ఉండేవాడు. కాఫీ ఇస్తే చల్లారిపోయేది. క్యాంపు ఎత్తేసే రోజులు దగ్గరపడుతున్నాయి. ఆయన తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి తేలిక పడేదాన్ని. తిట్టని మొగుడితో కాపురం ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ ఆదివారం నేను తీర్మానించేశాను. "లే బావా, కోనకు పోదాం. తల నీలాలు ముందే ఇచ్చేద్దాం."

మా అత్త ఒంటికాలి మీద లేచింది. "ఏమ్మే, తీరకముందే చెల్లించేదాన్ని మొక్కనరు, లంచమంటారు."

"లంచమో మంచమో, నేను సామితో మాట్లాడుకుంటా. నువ్వు బయల్దేరత్తా."

రాపూరు దాకా బస్సు, అక్కడినుంచి ఎద్దుల బండి. కోనలో వాగు పక్కన మంగలి ఆయన తల వంచి కత్తి పెట్టాడు. ఏడాది పెంచిన జుట్టు కుప్పగా పడింది. గుండు చేయించుకుని ఆయన స్నానానికి దిగినప్పుడు, నేనూ అత్తా గుళ్ళోకి పోయాం. చేతులు జోడించాను.

"సామీ, ఆయనది ముందే తీసుకున్నావు. ఇంక నీకిచ్చేదానికి ఆయన తలమీద ఏమీ లేదు. అందుకని మొక్కు మారుస్తా ఉండా. ఆయన అయిదు గంటలు కూర్చుని క్షేమంగా దిగితే నా జడ ఇస్తా."

మా అత్త నావంక చూసింది. నా భుజం మీదున్న జడను తీసి మెల్లగా వీపు మీదికి వేసింది. ఆమె నన్ను అంత నెమ్మదిగా ముట్టుకోవడం నాకు గుర్తులేదు. ఆయనతో చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను.

మరో రెండు రోజులకు ఎండ బాగా కాసింది. జయరామయ్య గారు మూత దించి వేళ్ళు దూర్చారు. రెండూ దూరాయి. బాజీ తన కొబ్బరిపీచు పట్టీలు ఆఖరిసారి సరిచేసి, "అన్నా, మెత్తంగా లేదని తిట్టుకోబాక" అన్నాడు. నేను పెరుగన్నం ముద్దలు ఆకులో చుట్టిచ్చాను. అయిదు గంటలు దిగకుండా ఉండే మనిషికి ఇంకో అవసరం కూడా పడుతుంది, దానికి ఒక రబ్బరు గొట్టం ఏర్పాటు చేశారట. దాన్ని గురించి నన్ను అడక్కండి. లారీ ఇంజను గర్జించింది, తాడు బిగిసింది, తెల్లది మా నెత్తిమీదుగా లేచిపోయింది.

గద్దల గుంపులో కలిసి తిరగడం చాలాసేపు కనిపించింది. మధ్యాహ్నం దాటుతుండగా మామూలుగానే సముద్రపు గాలి చల్లగా మొదలైంది. ఆ గాలి వస్తే నేల చల్లబడి వేడిగాలి లేవడం ఆగిపోతుంది. పసుపుదీ నీలిదీ ఒకదాని వెనక ఒకటి దిగేశాయి. తెల్లది దిగలేదు, కనపడనూ లేదు. జయరామయ్య గారు చెప్పారు, సముద్రపు గాలీ లోపలి వేడిగాలీ గుద్దుకునే గీత ఒకటి పడమటికి జరుగుతూ పోతుందని, తెలివైనవాడు ఆ గీత పట్టుకుని వేలాడతాడని.

నేను ఇసుకలో కూర్చుని జడ ఒళ్ళో వేసుకున్నాను. ఉన్నమాట చెబుతాను. దిగొద్దు బావా, దిగొద్దు బావా అని ఒకపక్క అనుకుంటున్నాను. ఇంకోపక్క జడ చివర పట్టుకుని ఏడుస్తున్నాను. ఏ ఏడుపు దేనికో విడదీయడం నావల్ల కాలేదు. మా అత్త పక్కన కూర్చుని వక్క నములుతూ, "ఏడు, ఎవురూ చూడ్డంలేదులే" అంది.

అయిదు గంటలు నిండాయని జయరామయ్య గారు గడియారం ఎత్తి చూపించారు. ఆ తరవాత కూడా ఈ మహానుభావుడు రాలేదు. ఎండ వాలుతున్నప్పుడు పడమటినుంచి తెల్లగా, చప్పుడు లేకుండా వచ్చి గొర్రెల పక్కన దిగాడు. మూత ఎత్తారు. లేవలేకపోయాడు. బాజీ, ఇంకో ఇద్దరూ చంకల్లో చేతులేసి, గాదెలోంచి వడ్ల బస్తా తీసినట్టు బయటికి లాగారు. నేల మీద కూర్చుని తొడలు రుద్దుకుంటూ నన్ను చూసి నవ్వాడు. గుండు మీద చెమట, కళ్ళనిండా నీళ్ళు.

"ఆఖరికి నొప్పి కూడా తెలీలా ప్రమీలా. చప్పుడు లేదు."

ఇంటికి పోయాక చెప్పాను. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"నాతో చెప్పకుండా అంతమాట ఎట్టా అన్నావు?"

"చెబితే ఎగరవు."

"ఎగరను."

"అందుకే చెప్పలా."

ఆయన నా జడ చేతిలోకి తీసుకుని కొసదాకా నిమిరాడు. మర్నాడే కోనకు పోయాం. ఆ మంగలి మమ్మల్ని గుర్తుపట్టి, మీ ఇంట్లో ఇంకెవరైనా మిగిలారా అని అడిగాడు. మా అత్త కొంగు తలమీదికి లాక్కుంది. ముగ్గురం నవ్వాం. కత్తి ఆనగానే నాకు నవ్వు ఆగిపోయింది.

క్లబ్బు వాళ్ళు గ్లైడర్ల రెక్కలు విప్పి బండ్లకెక్కించే రోజున మేము సాయానికి పోయాం. నేను తలకు కొంగు బిగించుకున్నాను. తెల్లది ఒక్కటే ఇంకా నేలమీద ఉంది. నా జడ మింగినదాన్ని దగ్గర్నుంచి ఒకసారి చూడాలనిపించింది. జయరామయ్య గారు నా తల చూశారు, మా ఆయన తల చూశారు, అంతా అర్థమయినట్టు టోపీ తీశారు. "ఒకసారి కూర్చోండమ్మా" అన్నారు. వెనక పలక మళ్ళీ బిగించి, తొక్కుడు పలకలు దగ్గరికి జరిపారు.

చీర సర్దుకుని దిగి వాలాను. వీపు పలకకు ఆనింది. భుజాలకు రెండువైపులా చోటు మిగిలింది. నడిపే కర్ర చేతికి అందింది, పాదాలు పలకల మీద ఆనాయి, తల వెనక దిండు గుండుకు సరిగ్గా కుదిరింది. ఎక్కడా ఒత్తుకోలేదు. జయరామయ్య గారు మూత దించారు. ఒక్కసారిగా బయటి గాలి, మాటలు, బండ్ల చప్పుడు అన్నీ పోయాయి. మా క్వార్టరులో ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, నా ఊపిరి నాకు వినపడడం అదే మొదలు. మా ఆయన మూడేళ్ళుగా చెబుతున్నది ఇదా అనుకున్నాను. దిగాలనిపించలేదు.

మూత ఎత్తి జయరామయ్య గారు అన్నారు: "మీ కొలతకే చేసినట్టుందమ్మా. బరువొక్కటే చాలదు. సీటు కింద సీసం దిమ్మ పెట్టుకుంటే సరి."

"అయితే ఈ మనిషిని ఇందులో ఎందుకు కుక్కినట్టు?" అని నేను కసిరాను. అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. నావంకే చూస్తూ నిలబడ్డాడు.

ఆ పలకల పెట్టెను పొయ్యిలోకి కొట్టేస్తానని నేను అప్పటికే చెప్పి ఉన్నాను. మర్నాడు పొద్దున పెరట్లో రంపం చప్పుడు. కొట్టేస్తున్నాడు, పీడా పోయిందనుకుని బియ్యం కడుగుతున్నాను. తీరా చూస్తే కొట్టడం లేదు. తొక్కుడు పలకలు కోసి, దగ్గరికి జరిపి మేకులు కొడుతున్నాడు.

"ఏంది బావా ఇది? నీకేం పట్టదు గదా అందులో."

"నాకు గాదు" అన్నాడు తలెత్తకుండా. "రేణిగుంట షెడ్డుకు బదిలీ అడిగినా. క్లబ్బు ఆడికే గదా పోయేది. జయరామయ్య గారితో మాట్లాడినా, పసుపుదాంట్లో నేర్పిస్తానన్నాడు."

"బుద్ధుందా నీకు? ఆడదాన్ని, ఇద్దరం ముసలోళ్ళయ్యే వొయిసులో—"

"తొందరగా నేర్చుకో. జుట్టు పెరిగితే మళ్ళీ మొదటికొస్తాం."

నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. గుమ్మంలో నిలబడి మా అత్త అన్నీ వింది. విని, "ఆ బియ్యం నేను చూసుకుంటాలే, పోయి కూర్చో మే" అంది.

పోయి కూర్చున్నాను. కాళ్ళు చాపాను. పలకలు సరిగ్గా పాదాల కిందికి వచ్చాయి. ఆయన వెదురుబద్ద కిందికి చెయ్యి పోనిచ్చి, నా తలకూ దానికీ మధ్య రెండు వేళ్ళు అడ్డంగా పెట్టి చూశాడు. దూరాక ఇంకా చోటు మిగిలింది.